చెంపకు తెలియని తడి

జాడీల బట్టీలో ఆవిడని అందరూ చెంపమ్మ అనేవాళ్లు. ముప్పై ఏళ్లుగా పచ్చి జాడీకి ఎడమ చెంప ఆనించి, ఎండిందో లేదో చెప్పేది ఆవిడే. చల్లగా తగిలితే లోపల నీళ్లున్నట్టు. అలాంటి జాడీ మంటలో పగిలి, పక్కవాటినీ పగలగొడుతుంది.

ఈ ఏడు కొత్త మట్టి వచ్చింది, మైదాలా మెత్తన. పాత గరుకు మట్టిలో నీళ్లు మొహమాటం తెలిసిన చుట్టాల్లా వచ్చిన దారినే వెళ్లిపోయేవి. ఈ మట్టిలో రేణువుకీ రేణువుకీ మధ్య కంటికి ఆనని సందుల్లో కరుచుకుని కూర్చుంటున్నాయి. ఎండకి లొంగవు, గాలికి కదలవు. రెండుసార్లు కాల్చితే రెండుసార్లూ సగానికి పైగా పగిలాయి. మూడోసారీ పగిలితే బట్టీకి తాళమేనని యజమాని చెప్పేశాడు.

చెంపమ్మ మట్టిని తిట్టుకుంది. ఈసారి ఒక్కో జాడీకీ రెండేసిసార్లు చెంప ఆనించి, "ఎండాయి బాబూ, పేర్చండి" అంది.

పొద్దున్నే బట్టీ అంటించారు. లోపల చోటు చాలక ఒక జాడీ షెడ్డులో మిగిలింది. మధ్యాహ్నం చెంపమ్మ కోడలు దాన్ని ఎత్తుకుని, అత్తని ఆటపట్టించడానికి తన చెంప ఆనించింది.

"ఏంటత్తా, ఇదింత చల్లగా ఉంది?"

"నీ మొహం. నిన్నగాక మొన్న వచ్చి నాకు చెబుతావా?"

"నా మొహమే చెబుతోంది. నువ్వే చూడు."

చూసింది. చల్లదనం తగల్లేదు. మూలనున్న బకెట్టు మీదికి వంగి ఎడమ చెంప ముంచింది. కళ్లు మూసుకుంటే అక్కడ నీళ్లున్నట్టే తెలియలేదు. పోయిన చలికాలంలో ఆ వైపు మొద్దుబారింది. నాలుగు రోజుల్లో సర్దుకుందనుకుంది.

"నేనెవరికీ చెప్పనులే అత్తా" అంది కోడలు మెల్లగా.

నోరు మూసుకుంటే ఇంకో గంట, జాడీలు పగిలేదాకా, ఆవిడ చెంపమ్మే. చెంప తుడుచుకుని బట్టీ దగ్గరికి నడిచింది.

"మంట లాగెయ్ బాబూ. తడి ఉంది."

"ఎండాయన్నది నువ్వేగా?"

"నా చెంప చచ్చింది."

యజమాని కట్టెలు బయటికి లాగాడు. "ఇక ఎవరు చూస్తారు?" అంటూ వెనకే వచ్చిన కోడలి వైపు చూశాడు.

లోపల ఒక జాడీ టప్పుమంది. వెంటనే ఇంకొకటి. మిగతావి ఏమవుతాయో విందామని చెంపమ్మ పొయ్యి నోటి పక్కన గోడకి ఎడమ చెంప ఆనించింది.

కోడలు భుజం పట్టి లాగేదాకా, కాలుతోందని ఆవిడకి తెలియలేదు.