తలుపు, చుక్క, గడియ

మా మామగారు ప్రూఫ్‌రీడరు. పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు తప్పులు ఏరడం ఆయన ఉద్యోగం. అచ్చయిపోయిన వాటిలో కూడా ఏరడం ఆయన జబ్బు. ఒకసారి గడ్డం గీయించుకుంటూ ఎదురుగా గోడ మీది బోర్డు చదివారట. మొహాన సబ్బు నురగ ఉండగానే లేచి, చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, దారి తప్పిన ఒక చుక్కను కొట్టేసి, అది ఉండాల్సిన చోట పెట్టి వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. మా అత్తయ్య దీన్ని కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటుంది. “ఈకంటూ కనబడ్డాక పీకకుండా ఎలా ఉంటాను?” అంటారు ఆయన.

నేను ఆయనకు ఇంట్లో కోడల్ని, ప్రెస్సులో గొంతుని. మా ప్రెస్సులో ఈ పని ఒక్కరు చేసేది కాదు. రచయిత ఇచ్చిన రాతప్రతిని ఒకరు పైకి చదవాలి. ఎదురుగా కూర్చున్న రెండోవారు ప్రూఫు కాగితం మీద పెన్సిలు నడుపుతూ సరిచూడాలి. మాటలు చదివితే చాలదు, చుక్కలూ కామాలూ కూడా నోటితో పలకాలి. ఆయన ఎదుట పాతికేళ్ళు చదివినావిడ మోకాళ్ళ నొప్పులతో మేడమెట్లు ఎక్కలేక మానేసింది. అప్పుడు అత్తయ్య నావంక చూసి, “దీని నోరు ఎలాగూ ఊరుకోదు, తీసుకుపోండి. మీకు పనవుతుంది, నాకు తీరికవుతుంది,” అంది. అలా నేను ఉద్యోగస్తురాలినయ్యాను. అది జరిగి ఆరేళ్ళు.

మా బల్ల మేడమీద ఉంటుంది. కింద మెషిన్లు తిరుగుతున్నంతసేపూ బల్లమీది టీ గ్లాసు దానంతటదే జరుగుతూ అంచుదాకా వస్తుంది. మామగారు పెన్సిలు ఆపకుండానే ఎడమచేత్తో దాన్ని మళ్ళీ మధ్యలోకి నెడతారు. మొదటిరోజు నాకు నేర్పిన రెండో పాఠం ఆ గ్లాసు. మొదటి పాఠం కొటేషన్ మార్కులు. ఆ పేర్లు పూర్తిగా పలుకుతూ కూర్చుంటే సాయంత్రానికి నాలుగు పేజీలు కూడా కావన్నారు. అందుకని తెరిచే గుర్తు ‘తలుపు’, మూసే గుర్తు ‘గడియ’.

“మరి చుక్క లోపలా, బయటా మామయ్యగారూ?” అని అడిగాను.

ఈ ప్రశ్న ఎవరు అడుగుతారా అని ముప్పై ఏళ్ళుగా కాచుక్కూర్చున్న మనిషిలా ఆయన పెన్సిలు కింద పెట్టారు.

“వాక్యం ఎవరిదో చూడమ్మా. మొత్తం వాక్యం ఎదుటివాడిదైతే దాని చుక్కా వాడిదే. లోపల పెట్టి గడియ వెయ్యాలి. అలా కాకుండా మన వాక్యంలోకి వాడి మాట ఒకటో రెండో అరువు తెచ్చుకున్నామనుకో, వాక్యం మనది. గడియ వేసేశాక మన చుక్క మనం పెట్టుకోవాలి.”

“ప్రశ్న గుర్తైతే?”

“అడిగింది ఎవరో వాళ్ళింట్లో ఉంటుంది. వాడు అడిగితే లోపల. వాడన్న మాట గురించి మనం అడిగితే బయట.”

“కొన్ని పుస్తకాల్లో అన్నీ లోపలే పెడుతున్నారు. కొన్నిట్లో అన్నీ బయటే.”

“పెడతారు. ఒకరి సొత్తు ఇంకొకరింట్లో పెట్టేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు,” అన్నారు.

ఇంట్లో మేమిద్దరం రోజుకు పది మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. నేను కూర గిన్నె జరుపుతాను, ఆయన తల ఊపుతారు, అంతే. ప్రెస్సులో మాత్రం పొద్దున్నుంచి సాయంత్రందాకా నా గొంతు ఆయన చెవిలో జోరీగే. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. ఒకరోజు మా ఆయన బస్సు డిపో నుంచి ఫోన్ చేస్తే, ఆ కబురు అత్తయ్యకి, “మీ అబ్బాయి, తలుపు, రావడానికి ఆలస్యమవుతుంది, చుక్క, గడియ, అన్నారు,” అని చెప్పాను. అత్తయ్య, “మామాకోడళ్ళు తలుపులూ గడియలూ అనుకుంటుంటే, విన్నవాళ్ళు మీరు దొంగతనానికి బయల్దేరారనుకుంటారే,” అంది.

ఇంత నెమ్మదస్తుడికీ ఒక గర్వం ఉంది. మా ప్రెస్సులో ప్రతి పుస్తకం చివరిపేజీలో ‘చదివినవారు’, ‘సరిచూసినవారు’ అని రెండు పేర్లు వేస్తారు. ఆయన పేరుతో వచ్చిన ఏ పుస్తకంలోనూ, ముప్పైనాలుగేళ్ళలో ఒక్కసారి కూడా, తప్పొప్పుల పట్టిక పెట్టలేదు. ఈ ఆరేళ్ళుగా దానికి పైన, ‘చదివినవారు’ అన్నచోట ఉండే పేరు నాది. మొదటి పుస్తకంలో నా పేరు చూసుకున్న రోజు ఆ పేజీని మా ఆయనకి మూడుసార్లు చూపించాను. మూడోసారి ఆయనే, “ఇది నువ్వేనా?” అని వెక్కిరించారు.

ఈ ఏడాది మా బల్ల మీదికి ఒక రిటైరైన నర్సమ్మ రాసిన పుస్తకం వచ్చింది. ఆస్పత్రి మంచాల మీద రోగులు తనతో అన్న మాటలన్నీ, అన్నవి అన్నట్టు, నోటుబుక్కుల్లో రాసిపెట్టుకున్న మనిషి ఆవిడ. పేజీకి పది తలుపులు, పది గడియలు. మామగారికి పండు చేతికందినట్టయింది. “ఇదమ్మా పుస్తకమంటే,” అన్నారు.

పదహారు పేజీల ఫారాలు నాలుగు అచ్చయ్యాక నర్సమ్మ వచ్చి వాటిని తీసుకెళ్ళింది. ఐదో రోజున ఓనరమ్మ మమ్మల్నిద్దరినీ కిందికి పిలిచింది. చేతిలో నర్సమ్మ పంపిన కాగితం ఉంది. నలభై ఒక్క చోట్ల చుక్క గడియకి అటుది ఇటు, ఇటుది అటు. పేజీ, వరస, అన్నీ వేసి మరీ పంపింది. ఆవిడ ఇన్నేళ్ళూ మందు చుక్కలు లెక్కపెట్టిన మనిషి, వదుల్తుందా?

“మళ్ళీ అచ్చెయ్యడానికి ఆ రకం కాగితం మిగల్లేదు. తప్పొప్పుల పట్టిక పెట్టాల్సిందే,” అని ఓనరమ్మ నా వైపు తిరిగింది. “ఇన్నేళ్ళలో మాస్టారి పెన్సిలు ఒక్క చుక్క వదల్లేదు. నువ్వు గబగబా చదివేసి ఉంటావు. ఈ ఫారం కానిచ్చి సోమవారం నుంచి బైండింగులోకి వెళ్ళు. ఈ పుస్తకంలో నీ పేరు కూడా వద్దు.”

నేను మామగారి వంక చూశాను. ఇంతకుముందు పేజీలు టైపు చేసే ఆపరేటరు నా మీద చాడీ చెబితే ఒంటికాలి మీద లేచిన మనిషి. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా నోరు విప్పలేదు. పెన్సిలు వంకే చూస్తూ నిలబడ్డారు. చుక్క ప్రతిసారీ నేను పలికాను. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

మేడమీదికొచ్చి ఐదో ఫారం తీశాం. ఆపరేటరు వేళ్ళకి గడియ దగ్గర చుక్క తడబడటం ఎప్పుడూ ఉన్నదే, మామగారి పెన్సిలు పట్టుకోవడమూ ఉన్నదే. మరి నలభై ఒక్కటి ఎలా జారిపోయాయి? నాకు బల్లకు ఇవతలనుంచి ఆయన ముందున్న ప్రూఫు తలకిందులుగా కనబడుతుంది. ఒక చోట “నాకు ఇంటికి పోవాలనుంది.” అని ఉంది, ప్రతిలో ఉన్నట్టే చుక్క లోపలే, నిక్షేపంగా. కోపంలో ఉన్నానేమో, కావాలనే తప్పు చదివాను.

“తలుపు, నాకు ఇంటికి పోవాలనుంది, గడియ, చుక్క.”

మామూలుగా అయితే, “అమ్మాయ్, ప్రతి చూసి చదువు!” అని గ్లాసు ఎగిరేలా బల్ల చరిచేవారు. పెన్సిలు ఆగలేదు. తర్వాతి వరసలో ఇంకోటి తప్పు చదివాను. ఆ తర్వాత ఇంకోటి. పెన్సిలు ఆ చుక్కల మీదుగా మెల్లగా, శ్రద్ధగా, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. భయం వేసింది. రెండు నెలల కిందట బల్లని కిటికీ దగ్గరికి జరిపించారు, గాలి కోసమన్నారు. నన్ను నిదానంగా చదవమన్నారు. నా గొంతు పాడవుతుందన్నారు. అక్షరాల ఆకారాలు ఆయనకి తెలుస్తున్నాయి, మాట నా నోట వింటున్నారు. ప్రూఫులో గడియ పక్కన చుక్క ఎటు పడిందో మాత్రం వింటే తెలియదు, దాన్ని కంటితో చూడాల్సిందే. నేను తప్పు చదివానని ఆయన చెవికి తెలిసే ఉంటుంది, కాగితంలో ఏముందో తెలియక నన్ను ఆపలేకపోయారు. ఆయనకి కనబడటంలేదు.

ఏం చెయ్యాలో పాలుపోలేదు. చెబితే ముప్పైనాలుగేళ్ళ బల్ల ఆయనకి పోతుంది. చెప్పకపోతే నా పేరు పోతుంది, ఆ బల్ల దగ్గర నా చోటూ పోతుంది. పైగా ఆయన తెలిసే ఊరుకున్నారు. నన్ను ఎక్కువగా పొడిచింది అదే. బస్సులో పక్కపక్కనే కూర్చుని ఇంటికి వచ్చాం.

అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు, మామగారి మీది కోపం గిన్నెల మీద చూపించాను. “గిన్నెలేం చేశాయే?” అంది అత్తయ్య.

“ఏం చెయ్యలేదు. సోమవారం నుంచి నేను బైండింగులోకి మారుతున్నాను.”

“అదేమిటి, చదివి చదివి నోరు అరిగిపోయిందా?”

హాల్లో మామగారు పేపరు పట్టుకుని కూర్చున్నారు. మా మాటలు ఆయనకి వినబడుతూనే ఉన్నాయి. నేను గిన్నెలన్నీ కడిగి బోర్లించేదాకా ఆయన ఆ పేజీ తిప్పలేదు. ఆయన మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు, ఇంత జాలీ ఎప్పుడూ కలగలేదు. రెండూ ఒకేసారి వస్తే ఏ పనీ చేతకాదని ఆ రోజే తెలిసింది. గరిటె ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు శనివారం. నేను లేచేసరికి ఆయన వెళ్ళిపోయారు. ఎప్పుడూ ఇద్దరం కలిసి ఎక్కే బస్సు నేనొక్కదాన్నే ఎక్కాను. మేడమెట్లు ఎక్కి చూస్తే మామగారు మా బల్ల దగ్గరే ఉన్నారు, అయితే నా కుర్చీలో. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఓనరమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. తనని ఎందుకు పిలిపించారో ఆవిడకీ తెలిసినట్టు లేదు.

“అక్కడ కూర్చో అమ్మాయ్. తప్పొప్పుల పట్టిక రాసుకో,” అన్నారు.

ఆయన కుర్చీలో కూర్చున్నాను. ఆరేళ్ళలో అదే మొదటిసారి. నర్సమ్మ కాగితం చూసి నలభై ఒక్కటీ వరసగా ఎక్కించాను. పైకి చదువుతూ రాశాను. ప్రతిదానికీ ఆయన కళ్ళు మూసుకుని విని, “లోపల,” “బయట,” అని తీర్పు చెప్పారు. ఒక్కటీ తప్పలేదు. మధ్యలో గ్లాసు అంచుకొచ్చింది. నేను ఎడమచేత్తో మధ్యలోకి నెట్టాను.

అయిపోయిందనుకుని కాగితం ఎత్తబోయాను.

“ఆగు. కింద ఇంకోటి రాయాలి. సరిచూసినవారి మాట, అని పెట్టు. తలుపు.”

తలుపు పెట్టాను.

“ఈ నలభై ఒక్క తప్పులూ నా కళ్ళవి. చుక్క. మా కోడలు, ఉన్నది ఉన్నట్టే చదివింది. చుక్క. నాకు కనబడలేదు, కామా, కనబడటం లేదని నేను ఎవరికీ చెప్పలేదు, కామా, నింద ఆమె మీద పడుతుంటే నిలబడి చూశాను…”

ఆయన చుక్క చెప్పేలోపే ఓనరమ్మ రెండడుగులు ముందుకొచ్చింది.

“మాస్టారూ, ఇది అచ్చెయ్యాలా?”

“వెయ్యాలమ్మా. ఆమె పేరు పుస్తకంలోంచి తియ్యకండి. బైండింగులోకి నన్ను పంపండి. ఫారాలు మడిచేటప్పుడు చుక్కలు చూడక్కర్లేదుగా.”

“మడుద్దురుగాని. ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బల్ల ఎక్కడికీ పోదు,” అంది ఓనరమ్మ. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి కిందికి దిగిపోయింది.

మేమిద్దరమే మిగిలాం. కింద మెషిన్లు మొదలయ్యాయి. ఆయన మొహం నావైపే ఉంది, ఆ చూపు మాత్రం నా దాకా వస్తోందో లేదో తెలియలేదు. నిన్నటి కోపం ఇంకా కొంచెం మిగిలి ఉంది, లేదనను. ఆయన చివరి వాక్యం కాగితం మీద అలాగే తెరిచి ఉంది. జవాబు నాకు తెలుసు. ఆరేళ్ళుగా తెలుసు. అయినా అడిగాను.

“చుక్క ఎక్కడ పెట్టను మామయ్యగారూ, లోపలా, బయటా?”

“మాట నాదేగా అమ్మా. చుక్కా నాదే. లోపలే పెట్టు,” అన్నారు.

పెట్టి, గడియ వేశాను.