ఎక్కడికని అడగకూడదట

దయ్యం పట్టిందని మా బస్తీలో ఎవరైనా అంటే, ముందు దానికి కడుపునిండా అన్నం పెట్టండి అనేదాన్ని. అలా అని చాలామంది చేత తిట్లు తిన్నాను. ఇప్పటికీ నా మాట అదే. దయ్యాల్లేవు. కానీ ఒక్క సంగతి మాత్రం నాకు తెగలేదు. అది చెప్పాలనే కూర్చున్నాను. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. సంగతిలో మాత్రం తప్పు లేదు.

డెబ్బైల చివరి మాట. మాది శ్రీకాకుళం వైపు. పెళ్లయి టాటా వచ్చాను. జంషెడ్‌పూర్ అని కాగితాల్లో రాస్తారు గానీ మావాళ్లు టాటా అనే అంటారు. మా ఆయన పోయాక నేనూ, నా తమ్ముడు సూరీ ఆదిత్యపూర్‌లో రేకుల లైన్లో ఒక గదిలో ఉండేవాళ్లం. పక్క గది పైడమ్మది. సూరిలాగే అదీ నన్ను అప్పా అనేది, అంటే అక్కా అని. దాని మొగుడు అప్పన్న, మా సూరి, ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు కింద కూలీలు, ఠేకేదారు అంటారిక్కడ. పొద్దున్నే సందు చివర లారీ ఎక్కేవారు. అది ఏ రోజు ఏ సైటుకి పోతుందో ఎక్కేవాళ్లకి తెలిసేది, మాకు తెలిసేది కాదు.

ఎందుకు తెలీదంటే, మేం అడగం. గడప దాటే మనిషిని ఎక్కడికి అని అడగకూడదట. అడిగితే వెళ్లిన పని చెడుతుందట. ఎవరైనా నోరు జారి అడిగితే, ఆ మనిషి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాలి. మా అమ్మ నేర్పింది, వాళ్లమ్మ ఆమెకి నేర్పింది. ఎవరు పుట్టించారో గానీ వాళ్లు నాకు కనబడితే నాలుగు కడిగేద్దును.

ఆ రోజు ముసురు. సూరికి డబ్బాలో అన్నం సర్ది, బకెట్లు పట్టుకుని నేను కుళాయి దగ్గరికి పోయాను. పైడమ్మ అప్పటికే అక్కడుంది. అప్పన్న మా పక్కనుంచే వెళ్తూ "వత్తాన్" అన్నాడు. పైడమ్మ తలూపింది. అంతే. దాని సంసారంలో అది ఆఖరి మాట. సూరి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. నేను నీళ్లు మోసుకుని వచ్చేసరికి వెళ్లిపోయాడు. గడప పక్కన ఇత్తడి చెంబు ఉంది, సగం నీళ్లతో. పీట కూడా బయటికి లాగి ఉంది. వాడు కూర్చుని నీళ్లు తాగే రకం కాదు, నిలబడే గొంతులో పోసుకుంటాడు. చెంబు కాలికి తగిలేలా పెట్టినందుకు గొణుక్కుంటూ లోపల పెట్టేశాను.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. లారీ కల్వర్టు మీంచి జారి వాగులో పడిపోయింది. వాగు నిండుగా ఉంది. కొందరి శవాలు దొరికాయి. మిగిలినవాళ్లు కొట్టుకుపోయారు. దొరికినవాళ్లలో మా సూరి లేడు, అప్పన్నా లేడు.

ఠేకేదారు లెక్కలు రాసే మున్షీ దగ్గరికి వెళ్తే, వాళ్లు మా మనుషులే కాదు పొమ్మన్నాడు. నిన్నటిదాకా వాళ్ల చేత ఇనుము మోయించినవాడు. అక్కణ్ణుంచి ఠాణాకి వెళ్లాం. అక్కడి జమాదారు అడిగిన మొదటి మాట, మీ మనుషులు ఎక్కడికి వెళ్తున్నారు అని. నేనూ పైడమ్మా మొహాలు చూసుకున్నాం. "ఇంటి మగాడు ఎక్కడికి పోతున్నాడో తెలీదా? ఎలాంటి ఆడవాళ్లు మీరు?" అని హిందీలో అడిగి నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

బిష్టుపూర్ బజారు వెనక సందులో ఒక ముసలి మేమ్‌సాబు ఉండేది. మొగుడు రైల్లో గార్డు చేసి పోయాడట. ఆమె బొమ్మల పత్తాలు పరిచి జరగబోయేది చెబుతుందని పేరు. పేకముక్కలు కావవి, అంతకన్నా పెద్దవి, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. అలాంటి చోటికి ఎవరైనా వెళ్తే నేను వెక్కిరించేదాన్ని. మూడు రోజులయ్యాక నేనే వెళ్లాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పైడమ్మని వెంట తీసుకెళ్లాను. మేమ్‌సాబు ఒక్కొక్కరినే లోపలికి రానిస్తుంది. పైడమ్మ వరండాలో కూర్చుంది.

మా తమ్ముడు బతికున్నాడా అని అడిగాను. ఆమె పత్తాలు ముట్టుకోలేదు. "ఉన్నాడంటే నవ్వుతావు, లేడంటే ఇక్కడే పడతావు. ఆ జవాబుతో ఏం చేస్తావు? ఇది ప్రశ్న కాదు, ఏడుపు" అంది. దేవుడు మాకెందుకిలా చేశాడు అన్నాను. అది గుళ్లో అడుక్కోమంది. నాకు ఒళ్లు మండింది. మనిషి పోయి నేను ఏడుస్తుంటే ఈవిడ నాకు అడగడం నేర్పుతుందా అనుకున్నాను.

అప్పుడు పత్తా ఒకటి తిప్పింది. ఒక కుర్రాడు కర్రకి మూట కట్టి భుజాన వేసుకుని బయల్దేరుతున్నాడు. కాళ్ల ముందే గొయ్యి. వాడు చూసుకోవడం లేదు, ఆకాశంలోకి చూస్తున్నాడు. "నన్నడగకు. వీణ్ణి అడుగు. ఆ పొద్దున అడగాల్సింది ఏది అడగలేదో, అది అడుగు" అంది.

మా ఆచారం గురించి ఆమెకి నేనేమీ చెప్పలేదు. ఇది గుర్తుంచుకోండి.

నాకు కోపం ఆగలేదు. మున్షీ మీద, జమాదారు మీద, ఈ ముసలిదాని మీద ఉన్న కోపమంతా కలిపి, ఆ బొమ్మ మీదకి వంగి అరిచాను. "ఒరే సూరిగా, ఎక్కడికెల్తన్నావురా?" బొంగురు గొంతు, సగం మాట బయటికే రాలేదు. ఆమె పత్తా బోర్లించేసింది. ఇక పొమ్మంది.

తర్వాత పైడమ్మ లేచింది. మేమ్‌సాబు గుమ్మంలోనే ఆపేసింది. "ఇవాళ్టికి చాలు. రేపు రా." అంత దూరం నుంచి వచ్చింది, దీని మొగుడూ అదే లారీలో ఉన్నాడు అని నేను దెబ్బలాడాను. తలుపు గడియ పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న సూరి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

వాడికి లారీ పడిపోయిన సంగతే తెలీదు. వచ్చీ రాగానే నా మీద విసుక్కున్నాడు.

"నీ వల్లే లారీ తప్పిపోనాది అప్పా. గడప దాటుతుంటే ఎనకనుండి అడిగీసినావు కదా, ఎక్కడికెల్తన్నావని."

"నానెప్పుడడిగానురా? నాను కొళాయి కాడున్నాను."

"అడిగినావు. గొంతు బొంగురుపోయుంది, జలుబు చేసినాదేటి అనుకున్నాను. తిరిగి చూత్తే నువ్వు నేవు. సరే, అడిగీసినాది కదాని కూకొని నీల్లు తాగినాను. చెంబు గడప కాడే ఎట్టీసినాను."

లారీ తప్పిపోతే, స్టేషన్ దగ్గర ఎవడో లోడింగు పని ఉందన్నాడట. వాడితో చక్రధర్‌పూర్ బండెక్కి వెళ్లిపోయాడు. ఇంటికి కబురు చెయ్యాలని తోచలేదు. ఎవరూ అడగరు కదా, చెప్పే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది.

లారీ సంగతి చెప్పాను. వాడు గడప మీద కూర్చుండిపోయాడు. తర్వాత అన్నాడు. "నాను సందు చివరికొచ్చేసరికి లారీ కదిలిపోతంది. అప్పన్న బావ లారీ మీద ఎనకాల నిలబడున్నాడు. మన లైను వైపు తిరిగి, చెవి కాడ చెయ్యెట్టుకొని ఏటో ఇంటన్నాడు. నన్నే పిలుత్తన్నాడని చెయ్యూపాను. నన్ను చూడనేదు."

పైడమ్మ గుమ్మంలో నిలబడి ఇదంతా వింది. ఒక్క మాటే అంది. "నన్ను తీసుకెల్లప్పా."

మళ్లీ బిష్టుపూర్ వెళ్లాం. ఈసారి నేనూ లోపలికి దూరిపోయాను, మేమ్‌సాబు వద్దన్నా వినలేదు. పైడమ్మకి తిప్పిన పత్తాలో ఒక మనిషి బండి మీద నిలబడి ఉన్నాడు. పైడమ్మ దాన్ని చూసి ఏడవలేదు. మెల్లగా, మొగుణ్ణి ఇంట్లో ఎలా పిలుస్తుందో అలాగే అడిగింది. "ఇదిగో, ఎక్కడికెల్తన్నావు?" కాసేపాగి మళ్లీ అంది. "దిగు."

మేమ్‌సాబు ఆ బొమ్మవైపు చూసి, పత్తాలు సర్దేసుకుంది. నిన్న మధ్యాహ్నం ఎందుకు తలుపేశావని అడిగాను. మంచి ప్రశ్న అడగమని నాకు నేర్పిన మనిషి, నేను అడిగిన ఒక్క మంచి ప్రశ్నకీ నోరు విప్పలేదు.

అప్పన్న శవం తర్వాత దొరికింది, వాగు నదిలో కలిసే చోట.

చదువుకున్నవాళ్లకి చాలామందికి చెప్పాను. నువ్వే అడిగి మర్చిపోయుంటావమ్మా అంటారు. అప్పట్లో నాకు రాయడం రాదు, ఏది దాచుకున్నా తలలోనే దాచుకోవాలి. నేను మర్చిపోయే మనిషిని కాను. పైడమ్మ కుళాయి దగ్గర నా పక్కనే ఉంది. ఆ పొద్దున నా గొంతు బాగానే ఉంది. చెంబు నేనే తీసి లోపల పెట్టాను. ఇన్ని చెప్పినా, పాపం పెద్దావిడ అన్నట్టు చూస్తారు. ఆ చూపుకి నాకు మండుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు గడప దాటినా ఎక్కడికని అడుగుతాను. సూరి మనవలు "క్యా దాదీ" అని విసుక్కుంటారు. విసుక్కోనీ.

నేను అడిగింది మూడు రోజులు వెనక్కి ఎలా వెళ్లిందో నాకు తెలీదు. వెళ్లలేదని ఎవరైనా రుజువు చేస్తే సంతోషిస్తాను. ఎందుకంటే, ఆ రెండోసారి బిష్టుపూర్ నుంచి బస్సులో తిరిగొస్తూ, ఖర్కాయి నది వంతెన మీద పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది. కింద ఎర్రటి నీళ్లు.

"ఇనబడినాదప్పా నా మొగుడికి" అంది. "లారీ ఎక్కీసినాక ఇనబడినాది. నిన్న ఆ మేమ్‌సాబు నన్నూ అడగనిచ్చుంటే, గడప కాడే ఇనబడును."