వేలి మీది వెన్నముద్ద

శ్రావణ బహుళ అష్టమి, సాయంత్రం ఐదున్నర. అమీర్‌పేటలో మా ఇల్లు. ఉన్నవారు: నేను, మా అమ్మాయి, బల్కంపేటలో ఇత్తడి పాత్రలకు మాట్లు వేసే భాయ్.

డైరీలో ఇంతవరకు రాసి ఆగాను. ఇన్నేళ్లుగా ఈ తిథినాడు ఆ వరుసలో మొదట రాసేది మా ఆవిడ పేరు. ఈ ఏడు రాయనక్కరలేదు. ఏడుపేమీ రాలేదు. కలానికి మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాను.

భాయ్‌ని పిలిపించింది మా అమ్మాయి. పూజగదిలోని జానెడు కంచు విగ్రహం కుడిచేతికి అతికించి ఉన్న లోహపు ముద్దను తీయించమని నేను ఎన్నో ఏళ్లు సణిగాను కనుక, ఇప్పుడైనా నా మాట చెల్లాలని దాని ఉద్దేశం.

ఆ విగ్రహాన్ని మా ఆవిడ తాతగారు కుంభకోణం యాత్రలో కొన్నారట. ఎడమచెయ్యి చాచి, ఒక కాలెత్తి ఆడుతున్న పసివాడు. వాళ్లింట్లో అందరికీ అతడు వెన్నకృష్ణుడే. నేనేమో పురావస్తువుల కార్యాలయంలో విగ్రహాల కొలతలూ లక్షణాలూ రిజిస్టరులో రాసే ఉద్యోగం చేసేవాణ్ణి. ఏ చెయ్యి ఎలా ఉందో చూడకుండా దేవుడికి దణ్ణం పెట్టడం కూడా నాకు చేతనయ్యేది కాదు. కృష్ణుడైతే కుడిచేతిలో వెన్న ఉండాలి, వీడి చూపుడువేలు పైకి లేచి ఉంది. గుడి కోనేటి ఒడ్డున ఆకలికి ఏడిస్తే పార్వతీదేవి వచ్చి పాలు పట్టిందనీ, ఎవరిచ్చారురా ఈ పాలు అని తండ్రి బెత్తం ఎత్తితే మూతి తుడుచుకోకుండానే ఆకాశంలోకి వేలు చూపించాడనీ తమిళదేశంలో ఒక బాలభక్తుడి కథ చెబుతారు. ఇది అతడి విగ్రహం. ఈ సంగతి ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పి ఉంటే బాగుండేది. పెళ్లైన కొత్తలో, అష్టమినాడు, పంజగుట్ట నుంచి వచ్చిన పేరంటాళ్లంతా కూర్చుని ఉండగా, ఆవిడ పెడుతున్న వెన్న వేలి మీద నిలవక జారిపోతుంటే, నవ్వుతూ చెప్పాను. వాళ్లూ నవ్వారు.

"ఆకలేసిన పిల్లాడికి పేరడిగి పెడతామా ఏంటండీ?" అంది ఆవిడ. అంతే. మరుసటి అష్టమికి ఆ వేలు కనిపించలేదు. దాని చుట్టూ ఇత్తడి వెన్నముద్ద ఉంది. ఆనాటి నా డైరీలో ఒకే వాక్యం: విగ్రహం పాడైంది.

భాయ్ విగ్రహాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తిప్పి చూశాడు.

"గిది నా పనే సార్. మస్తు ఏండ్లాయె."

"లోపల వేలు విరగదు కదా భాయ్?" అంది అమ్మాయి.

"ఫికర్ వద్దు బేటా. అమ్మ అప్పుడే చెప్పింది. వేలుకు దెబ్బ తగలొద్దు భాయ్, మా సార్ ఎప్పుడన్న తీసేయమంటడు, జర తేలిగ్గ అతికించు అన్నది. అరగంటల ఊడొస్తది. తీయాల్నా సార్?"

ఆవిడ నా కోసం ఆ వీలు ఉంచిందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. అడిగితే చెప్పేదేమో, నేను సణిగానే కానీ, ఎందుకు చేయించావని ఒక్కసారీ అడగలేదు. ఇద్దరూ నా ముఖంలోకి చూస్తున్నారు. వద్దన్నాను. భాయ్ చాయ్ తాగి వెళ్లాడు. అమ్మాయి వెన్న తెచ్చి ముద్ద మీద పెట్టింది. జారలేదు.

మా తరం మగవాళ్లకు తెలిసింది చెప్పెయ్యడమే గొప్ప. ఎవరి ముందు చెబుతున్నామో చూసుకునేవాళ్లం కాదు. ఇప్పుడు ఏ విగ్రహం ఎవరిదో ఫోనే చెప్పేస్తోంది, నన్ను అడిగేవారు లేరు. నేను సరిదిద్దితే చిన్నబుచ్చుకునే మనిషీ లేదు.

మర్నాడు పొద్దున్నే లేచి, కార్యాలయంలో చేసినట్టే డైరీలో గడులు గీసి రాశాను. లోహం: కంచు. ఎత్తు: జానెడు. కుడిచేతిలో: వెన్న. పేరు: కృష్ణుడు. చివరి గడి, గుర్తించినవారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ అక్కడ నా సంతకమే. ఈసారి మా ఆవిడ పేరు రాశాను.