అరుగు మీంచి దిగిన వరస

ఈ ఉదయం ఆరోగ్య కేంద్రం అమ్మాయి ఫ్లూ టీకా వేయడానికి మా ఇంటికి వచ్చి స్పిరిట్ దూది జబ్బకు రాసింది. డెబ్బై ఆరేళ్ల నాకు ఆ వాసనతో వచ్చేది ఎప్పుడూ వేసవే: కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన పచ్చనీటి వాసన, నాయనమ్మ ఒలిచి ఇచ్చే తాటిముంజెల చల్లదనం, చాపలమీద ఎండుతున్న మాగాయ ముక్కల పులుపు, వాటితోపాటు కలరా సూదులు.

సూదులు వేసే హెల్తు ఇనస్పెక్టరు గారు కూర్చునేది మా అరుగుమీదే. పెట్టెలో సూదులు రెండే; ఒకరికి పొడిచి, స్పిరిట్ దీపం మంటలో కాల్చి, మళ్లీ దాన్నే ఇంకొకరికి. ముందు మా ఇల్లు, తరవాత మా వీధి, ఆఖరున పడవలో గోదావరి పాయ దాటి వచ్చి ఎండలో నిలబడ్డ లంకవాళ్లు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టేదాన్ని. ముప్పయ్యో మనిషిదాకా ‘స్స్’ అనేవారు, అరవై దాటాక కేకలు పెట్టేవారు. సూది మొద్దుబారిందని ఎవరూ అనలేదు, లంకవాళ్లకి ఓర్పు లేదన్నారు.

నా తొమ్మిదో ఏట, మాకు లంక వంకాయలు తెచ్చే పోలమ్మ ఆ కేకలకి బెదిరి గంప వదిలేసి పారిపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇరవై రెండో రోజున ఆవిడ కలరాతో పోయింది. కూతురు మంగది నా ఈడే.

మరుసటి ఏడు దీపం వెలిగించగానే నాయనమ్మ నా రెక్క పట్టుకుని అరుగు దింపింది.

“ఈసారి ఆ చివర్నించి మొదలెట్టండి, ఇనస్పెక్టరు గారూ.”

“పద్ధతి అలా లేదండి, మామ్మగారూ.”

“మొద్దుసూది ఎలా ఉంటాదో మా ఇంటోళ్లకీ తెలియాలి గదండీ. కొత్తది ఆ మంగకేయండి. మా పిల్లకి ఆఖర్న.”

“పిల్ల ఏడుస్తుందేమోనండి.”

“ఆయ్, ఏడుస్తాది. వినండి.”

ఎనభై ఏడో మనిషిని నేను. ఏడ్చాను. జబ్బ మూడు రోజులు వాచింది. మంగ ‘స్స్’ అని ఊరుకుంది. లంకవాళ్లు ఒక్కరూ పారిపోలేదు.

కరోనా టీకాల ఏడాది ఈ ఆరోగ్య కేంద్రం అమ్మాయే, “మీకు ఇంటికొచ్చి వేసేస్తానండి, లంకవాళ్లు ఎలాగూ రారు, భయం వాళ్లకి,” అంది. రేవు దాటి రావడానికి ఒక పూట, జ్వరమొస్తే రెండు రోజుల పని పోతుంది, పేరు రాయించుకోవడానికి ఫోను లేదు. దీన్ని భయమనకమ్మా అన్నాను. మీ పెట్టె పడవెక్కేదాకా నా చెయ్యి చాపనన్నాను. షుగరు మనిషిని, ఇంట్లో అందరూ తిట్టారు, రాత్రుళ్లు నాకూ భయమేసేది. నాలుగో వారం పెట్టె పడవెక్కింది, వెనకే నేనూ ఎక్కాను. లంక బడి వరండాలో మొదటి కుర్చీలో మంగ కూర్చుని ఉంది.

“ఏటండీ బుల్లెమ్మగారూ, ఇంకా ఆఖరేనా? ఇప్పుడు మనిషికో కొత్త సూదంటండి.”

“సూదులే కొత్తవి మంగా, వరస పాతదే. కూర్చో.”

ఇప్పుడు మా అరుగు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. స్పిరిట్ దీపమూ లేదు, కాల్చిన సూదీ లేదు, మంగ కూడా పోయిన వైశాఖంలో వెళ్లిపోయింది.

“లంక అయిందా అమ్మా?” అని సూది తీస్తున్న అమ్మాయిని అడిగాను.

“ముందు ఈ వీధి అండి.”

తడి ఆరని జబ్బమీద కొంగు కప్పుకున్నాను.