ఎడమచేతి బొట్టు

మొన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. పెళ్లిపిలుపులకు బయల్దేరిన మా చెల్లెలి మనవరాలు ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో ఎదురింటావిడకు బొట్టు పెడుతూ తనను తానే తీసుకున్న సెల్ఫీ అది. లేత పసుపు చీరాల చీరలో పిల్ల ముచ్చటగా ఉంది. చుట్టాలందరూ ఎర్రటి హృదయం గుర్తులు వరసగా పెట్టేశారు. నేను మాత్రం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. పైట కుడి భుజం మీద ఉంది, బొట్టు ఎడమ చేత్తో పెడుతోంది. ముందువైపు కెమెరా అద్దంలాగా అటుది ఇటు చూపిస్తుందని నాకూ తెలుసు. అయినా నాలో ఒక పాత మంట భగ్గుమంది. దానికి కారకుడైన మనిషి పోయి చాలా ఏళ్లయింది, మంట మాత్రం పోలేదు.

ఆ మనిషి గుంటూరులో నేను పనిచేసిన దినపత్రికకు న్యూస్ ఎడిటరు. మిర్చి యార్డు ధరలు, పత్తి రైతుల ధర్నాలు, బస్సు బోల్తాలు తిరగరాస్తూ ఆయన కింద చాలాకాలం సబ్ ఎడిటరుగా ఉన్నాను. వార్తకు మొదటి వాక్యం ఎలా ఉండాలో నేర్పింది ఆయనే, ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు. మా యజమాని ఆడవాళ్ల కోసం ఒక ఫ్యాషన్ మాసపత్రిక పెట్టి, దానికి నన్ను ఎడిటరుని చేసిన రోజున ఆయన డెస్కు మధ్యలో నిలబడి, అందరికీ వినబడేలా, “ఒరేయ్, ఇకనుంచి మనకి వార్తలెందుకురా, కుచ్చిళ్లు సర్దుకుంటూ కూర్చుందాం” అన్నాడు. అందరూ నవ్వారు. నా పక్క కుర్చీలో కూర్చుని నా డబ్బాలోని గోంగూర పచ్చడి తినేవాళ్లు కూడా నవ్వారు.

అప్పట్లో మాకు మోడళ్లు లేరు, స్టూడియో లేదు. చీరాల, మంగళగిరి దుకాణాల వాళ్లు చీరలు అరువిచ్చేవారు. ఫొటోలు తీసుకుని, మడత నలగకుండా తిరిగి అప్పగించడం, ఫొటో కింద దుకాణం పేరు వేయడం, ఇదీ ఒప్పందం. పెళ్లిపిలుపుల చీరల మీద ప్రత్యేక సంచిక తలపెట్టినప్పుడు, కాలేజీలో పాఠాలు చెప్పే మా దూరపు చుట్టం ఒకావిడను బతిమాలి పెదకాకాని అవతల ఒక మిరప కళ్లానికి తీసుకెళ్లాను. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య తొడిమలు తీస్తున్న ఒక కూలీ ఆడమనిషికి ఈమె పసుపు చీరలో వంగి బొట్టు పెట్టి పెళ్లికి పిలుస్తున్నట్టు నా ఊహ. ఘాటుకు ఆమె తుమ్మి తుమ్మి కళ్లు ఎర్రబడ్డాయి, ఫొటోగ్రాఫరు నన్ను తిట్టుకున్నాడు, కానీ ఒక్క ఫొటో నేను అనుకున్నట్టే వచ్చింది.

మా మాసపత్రిక కూడా దినపత్రిక డెస్కు మీదుగానే ప్రెస్సుకు వెళ్లేది, చివరి చూపు న్యూస్ ఎడిటరుది. ఫొటోలో ముఖం పేజీ బయటికి చూడకూడదన్నది దినపత్రికల పాత పట్టింపు. బయటికి చూస్తుంటే నెగటివ్‌ను తిరగేసి వేసేవారు. అలా మన నాయకుల పాపిట ఎన్నిసార్లు పక్క మారిందో, చొక్కా జేబు ఎన్నిసార్లు కుడివైపుకి వెళ్లిందో, అడిగినవాడు లేడు. నా ఫొటో ఎడమ పేజీలో ఉంది, అందులో ఆమె ఎడమవైపుకే చూస్తోంది. అందుకని చీరలు తిరిగివ్వడానికి చీరాల రైలెక్కే ముందు ఆయన దగ్గరికి వెళ్లి, దీన్ని మాత్రం తిప్పవద్దండీ, చెయ్యి మారిపోతుంది అని చెప్పాను. ఆయన తలెత్తకుండానే, “ఆడవాళ్ల ఫొటోలకి వేరే రూలా అమ్మా?” అన్నాడు. దాన్ని వెటకారం అనుకున్నాను, నిర్ణయం అనుకోలేదు.

పత్రిక బయటికొచ్చింది. పెళ్లిపిలుపుల సంచికలో, పేజీ నిండా, కుడి పైట వేసుకున్న ఆడమనిషి ఎడమ చేత్తో బొట్టు పెడుతోంది. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పైట ఎటు వేసుకోవాలో తెలియని మనిషిని ఎడిటరుని చేసిందెవరని ఒకావిడ అడిగింది, ఇలాంటి అశుభం మా గడప తొక్కకూడదని ఇంకొకావిడ పత్రిక మానేసింది. యజమాని గదిలో న్యూస్ ఎడిటరు గోడవైపు చూస్తూ, అది ఫీచర్స్ వాళ్ల పేజీ, నాకేం తెలుసు అన్నాడు. నేను చెప్పి వెళ్లానని అన్నాను. డెస్కులో విన్నవాళ్లున్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు.

తర్వాతి సంచికకు చీరల కోసం చీరాల వెళితే దుకాణాలవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తల అడ్డంగా ఊపారు. చీరలు రాకపోతే పత్రిక లేదు, పత్రిక లేకపోతే నేను మళ్లీ ఆయన ముందు కూర్చుని బస్సు బోల్తాలు దిద్దాలి. చివరికి ఆ పసుపు చీర ఇచ్చిన దుకాణానికే వెళ్లాను. దాని వెనకే వాళ్ల ఇల్లు. దుకాణందారు తల్లి, మగ్గం మీద ముసలిదైన మనిషి, అరుగు మీద కూర్చుని ఉంది. కూర్చోమనలేదు. “ఆ ఎడంచేతి చీర మీ కొట్లోదేనా అని అడుగుతున్నారు తల్లీ. మా పేరు కూడా అచ్చేశారుగా” అంది. జరిగింది చెప్పాను, వింది. లేచి లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, నా ముఖం పట్టుకుని, ఎడమ చేత్తో బొట్టు పెట్టింది. “మీ పుస్తకంలో ఇట్టాగే పెడతారుగా, ఇక వెళ్లిరా” అంది.

ఆ బొట్టు తుడుచుకోలేదు. రైలులో అలాగే కూర్చుని, అలాగే మా పత్రిక యజమాని గదిలోకి వెళ్లాను. అదే ఫొటోను, అదే ఎడమ పేజీలో, అదే సైజులో, తిప్పకుండా వేసి, తప్పు డెస్కుదని కింద రాస్తేనే ఇక్కడ ఉంటానన్నాను. పత్రికలు తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందని ఆయన గొణిగాడు. చివరికి ఒప్పుకున్నాడు, న్యాయం కోసం కాదు, చీరల కోసం. అయితే అచ్చయ్యాక చూస్తే నేను రాసిన వాక్యం లేదు. దాని చోట ‘సాంకేతిక లోపం వల్ల’ అని ఉంది. ఆ మాటలు ఎవరివో నాకు తెలుసు, వాక్యం కట్టు చూస్తేనే తెలుస్తుంది.

ఆ సంచిక పట్టుకుని మళ్లీ చీరాల వెళ్లాను. ముసలావిడ ఆ పేజీని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది. “ఇప్పుడు చెయ్యి తిన్నంగా వచ్చింది” అని, చీరలు తీయమని కొడుక్కి కేకేసింది. కుడి చేత్తో బొట్టు పెట్టింది. క్షమించమని నేనూ అనలేదు, ఆవిడా అనలేదు. ఎడిటరు కుర్చీలో నా ఉద్యోగం నిలబడింది ఆ ఒక్క కేక వల్లనే. న్యూస్ ఎడిటరుతో మళ్లీ మాట్లాడలేదు. ఆయన సంస్మరణ సభలో నాలుగు మంచి మాటలు చెప్పమని పిలిచారు, వెళ్లలేదు. మంచి మాటలు ఉన్నాయి, ఆయనకివ్వడం ఇష్టం లేదు.

మొన్న ఉండబట్టలేక, ఫొటో తిరగబడిందే, బొట్టు ఎడమ చేత్తో పెట్టినట్టుంది అని పిల్లకు రాశాను. “అయితే ఏంటి అమ్మమ్మా, బాగుందిగా” అని జవాబు వచ్చింది. బాగానే ఉంది. ఒకప్పుడు నాకు అన్నం పెట్టే పని పోయేంత తప్పును ఇప్పుడు ప్రతి ఫోనూ అలవోకగా చేస్తోంది, అందరూ మెచ్చుకుంటున్నారు. ఇంత తేలికైపోయినందుకు సంతోషించాలి కాబోలు. కానీ నాకు ఆ అరుగే గుర్తొస్తోంది. నా మీద కోపంతో ఎడమ చెయ్యి ఎత్తిన ఆ ముసలావిడకూ, ఆ చెయ్యి చూసి మండిపోయిన నాకూ, ఏ చెయ్యి ఏదో తెలుసు. ఇప్పుడు నన్ను అలా అవమానించాలన్నా, అది చేతనైన మనిషి లేదు.