తుమ్మ సారు చెట్టు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసి తాండూరులో మా వీధి వాళ్లంతా అటవీ శాఖలో అనుకున్నారు. "మా బిడ్డ చెట్లు జమచేస్తది" అని మా నాయిన అందరికీ చెప్పడమే కారణం. నిజానికి నేను జమచేయాల్సినవి పరిణామ వృక్షాలు. అంటే ఏ జీవి ఏ జీవికి దగ్గరి చుట్టమో చూపే గీతల చెట్లు. పరిశోధకులు ఏళ్ల తరబడి కష్టపడి చెట్టు తయారుచేస్తారు, వ్యాసంలో బొమ్మ వేస్తారు, అసలు సమాచారం మాత్రం ఇంట్లో ఏ మూలో పడి ఉంటుంది. బొమ్మను చూసి మురిసిపోవచ్చు గానీ దానికి ఇంకొకరు కొత్త కొమ్మ కలపలేరు. ఆ సమాచారాన్ని అడిగి తెచ్చి, ఎవరైనా మళ్లీ వాడుకునేలా డేటాబేస్‌లో పెట్టడమే నా పని. (అడిగితే ఎవరైనా ఇచ్చేస్తారని నమ్మే వయసు.)

మొదట వికారాబాద్‌కే పంపారు. అక్కడ రిటైరైన లెక్చరర్ ఒకాయన జీవితమంతా తుమ్మచెట్ల చుట్టరికాల మీదే పనిచేశాడు. అందుకని విద్యార్థులు ఆయన్ని తుమ్మ సారు అనేవారు. నేను వచ్చిన పని చెప్పగానే ముఖం ముడుచుకున్నాడు. "గా చెట్టు కోసం కాళ్లల్ల ముండ్లు దిగంగ తిరిగిన. ఊకనే ఎట్లిస్త? వాడుకున్నోడు నా పేరు పెట్టకపోతే?" అన్నాడు. "మీ పేరు దాంతోనే ఉంటది సార్" అన్నాను. "రేపు మీ డేటాబేసే మూతపడితే?" అని ఇంకో ప్రశ్న. లోపలి నుంచి ఆయన భార్య చాయ్ తెచ్చి, "మా బిడ్డ పెండ్లప్పుడు గూడ గిన్ని అడగలే గీయన. జర ఓపిక పట్టు బిడ్డా" అంది. సారుకు నవ్వు ఆగలేదు. ఇస్తానన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు పరేషాన్. కంప్యూటర్ ఆన్ కాలేదు. చెట్టంతా దాంట్లోనే ఉంది, ఇంకో కాపీ లేదు. సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నన్ను స్కూటర్ వెనక ఎక్కించి, కంప్యూటర్ డబ్బా నా ఒళ్లో పెట్టి రిపేర్ షాపుకు బయల్దేరాడు. గతుకు వచ్చినప్పుడల్లా "పైలం, పైలం!" అని అరుపు. (నా గురించి కాదు, డబ్బా గురించి.) ఎదురైన వాళ్లు ఎక్కడికని అడిగితే "దవాఖానకు తీస్కపోతున్న" అనేవాడు. వాళ్లు నన్ను జాలిగా చూసేవారు. షాపు అతను హార్డ్ డిస్క్ తీసి వేరే మెషీన్‌కు తగిలించి ఫైలు తెరిచేదాకా సారు కుర్చీలో కూర్చోలేదు. తెర మీద తుమ్మల పేర్లు వరసగా కనిపించాక గొంతు తగ్గించి, "తీస్కపో బిడ్డా. ఇంట్లనే ఉంటే నాతోనే పోతుండె" అన్నాడు.

కొన్నాళ్లకు కలబురగిలో చదువుకునే ఒక కన్నడ అమ్మాయి డేటాబేస్‌లోంచి ఆ చెట్టు తీసుకుని, తన దగ్గరున్న తుమ్మ రకాలను దానికి కలిపింది. వ్యాసంలో సారు పేరు కూడా పెట్టింది. సంబరపడిపోయి సారు మమ్మల్నిద్దరినీ భోజనానికి పిలిచాడు. జొన్నరొట్టెలు తింటుండగా ఆ అమ్మాయి వచ్చీరాని తెలుగులో ఏదో సందేహం అడిగిందో లేదో, "గదొక్కటేనా? నా తాన ఇంకా మస్తున్నది. పెన్‌డ్రైవ్ తెచ్చినవా?" అంటూ ఆయన తింటున్న రొట్టె వదిలేసి లేచాడు. నాకు చుక్కలు చూపించిన మనిషేనా! వాళ్లిద్దరూ లోపల కంప్యూటర్ ముందు కూర్చుంటే నేను ఒక్కదాన్నే అలిగి కూర్చున్నాను. సారు భార్య మాత్రం గమనించి, నా పళ్లెంలో ఇంకో వేడి రొట్టె వేసింది. ఇప్పుడు నాకూ జుట్టు నెరుస్తోంది. అంత అలకలోనూ ఒక్క రొట్టె వద్దనని అప్పటి నేను గుర్తొస్తే, ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఇంకొంచెం పప్పు వడ్డించాలనిపిస్తుంది.