సామాన్ల గది తలుపు వేసింది నర్సింలు కాదు

నిన్న ఉదయం ఆరున్నరకు తాండూరు నుంచి ఫోన్.

మా అన్న కొడుకు నర్సింలు నిద్రలోనే పోయాడు. గుండెపోటు.

మొన్న మధ్యాహ్నమే నాతో మాట్లాడాడు. నమ్మలేక, ఫోన్ పెట్టేసి మళ్లీ నేనే చేసి అడిగాను.

పెళ్లిళ్లలో జంట మబ్బుల మీద నడిచి వస్తున్నట్టు తెల్లటి పొగ వేస్తారు కదా. దానికి కావలసిన డ్రై ఐస్ హైదరాబాద్ నుంచి తెచ్చేది నర్సింలే.

ట్రాలీ ఆటో వెనక పెట్టె. మూత ఎప్పుడూ బిగించడు. మందపాటి గ్లౌజులు లేకుండా ముట్టడు. ముందు సీట్లో ఒక్క ముక్క కూడా పెట్టనివ్వడు.

"గీ ఐసు కరిగితే నీళ్లు గావు, గ్యాస్ అయితది. ఊపిరాడనియ్యది" అనేవాడు.

నాలుగేళ్ల కిందట తాండూరులో నా మనుమరాలి పెళ్లి. ఇది చదువుతున్న మీలో చాలామంది వచ్చారు.

పదకొండింటికి నర్సింలు పెట్టె దించాడు. "అత్తమ్మా, వరండాల నీడకుండనియ్యి. లోపల పెట్టకు. పిల్లల్ని దగ్గరికి రానియ్యకు" అని చెప్పి పూల కోసం వెళ్లాడు.

ఆ ఎండకు సాయంత్రం ఎంట్రీ దాకా ఏం మిగులుతుందని నా ఆలోచన. కిటికీ లేని సామాన్ల గదిలో పెట్టించాను. మోకాళ్ల నొప్పితో మా చెల్లెలు సులోచన అక్కడే చాప మీద పడుకుని ఉంది. చల్లగా ఉంటుందిలే అనుకున్నాను.

పిల్లలు రాకుండా బయట గొళ్లెం పెట్టాను. చల్లదనం పోకుండా తలుపు కింద తువ్వాలు కుక్కాను.

నర్సింలు తిరిగొచ్చి, పెట్టె ఏదని అడిగి, పరుగెత్తాడు.

తలుపు బార్లా తీసి, ఊపిరి బిగబట్టి, సులోచనను చాపతో సహా వరండాలోకి లాగాడు. అప్పటికి తనకు స్పృహ సరిగా లేదు. గాలి తగిలాక కళ్లు తెరిచింది. ఆస్పత్రిలో సాయంత్రానికి తేరుకుంది.

"లోపల ఎవలు పెట్టిన్రయ్యా?" అని పెళ్లికొడుకు మేనమామ గట్టిగా అరిచాడు.

నేను నోరు తెరిచేలోపే, "నేనే పెట్టిన. తప్పైంది" అన్నాడు నర్సింలు.

పక్కకు వచ్చాక నాతో, "మనుమరాలి పెండ్లి అత్తమ్మా. నువ్వు సప్పుడు చెయ్యకు" అన్నాడు.

నేను నోరు మెదపలేదు. పెళ్లయ్యాక కూడా మెదపలేదు. తప్పు చేసినవాళ్లు లేచి నిలబడి చెప్పాలని బడిలో ముప్పై ఏళ్లు పిల్లలను బెదిరించినదాన్ని.

ఆ ఫంక్షన్ హాల్ వాళ్లు అతన్ని మళ్లీ పిలవలేదు. తాండూరు పెళ్లిళ్లు పోయి, కొడంగల్, మర్పల్లి తిరిగాడు.

సులోచన ఏ ఫంక్షన్‌లో కనబడ్డా, "ఏంరా, మల్ల నన్ను పొగల పెడ్తవా?" అనేది.

"ఈసారి కిటికీ కాడ కూసో చిన్నత్తమ్మా!" అని నవ్వేవాడు.

ఆ పక్కనే కూర్చుని నేను భోజనం చేసేదాన్ని.

ఈ ఉదయం సులోచనకు నిజం చెప్పాను.

"నాల్గేండ్లు వాన్ని అంటనే ఉన్న గదక్కా" అని ఏడ్చింది.

మీరూ తెలుసుకోండి. పెట్టె లోపల పెట్టించింది నేను. గొళ్లెం వేసింది నేను. మా చెల్లెలిని బతికించింది నర్సింలు.

పోయిరా కొడుకా. ఇక నా బదులు నువ్వు మాటలు పడనక్కరలేదు. ప్రశాంతంగా ఉండు.